విజయవాడకూ ఒక ఎయిర్‌లైన్ ఉండేది

జనవరి పన్నెండో తారీకుకి హైదరాబాద్ నుంచి వైజాగ్ టికెట్టు ఎంతుందో చూసి మా పిన్ని కొడుకు నాకు ఫోన్ చేశాడు. హలో కూడా లేదు. "అన్నయ్యా, పదమూడు వేలు! గంటంబావు ప్రయాణానికి! మామూలప్పుడు నాలుగు వేలు కూడా ఉండదు. వీళ్ళని అడిగేవాడే లేడా?"

వాడి దృష్టిలో అడగాల్సింది నన్నే. ఒక ఎయిర్‌లైన్‌లో (పేరెందుకులెండి) ఆరేళ్ళు రెవెన్యూ మేనేజ్‌మెంట్‌లో పనిచేసి బయటికొచ్చాను. ఏ ఫ్లైటులో సీటు ఏ రోజు ఎంతకి అమ్మాలో చూసుకునే డిపార్ట్‌మెంటు అది. అప్పట్నుంచీ మా చుట్టాల్లో విమానాలతో ఎవరికి ఏ కష్టమొచ్చినా జవాబు చెప్పాల్సింది నేనే. మేనత్త ఆవకాయ సీసా సెక్యూరిటీలో తీయించేస్తే నాదే తప్పు. బాబాయి సూట్‌కేసు చక్రం విరిగితే అదీ నాదే.

ఫోన్లో చెప్పగలిగినంత చెప్పాను. "నువ్వెప్పుడూ వాళ్ళవైపే మాట్లాడతావు" అని పెట్టేశాడు. వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పండగ ధర చూసి మనకొచ్చే కోపం న్యాయమైనదే. కానీ అది తప్పు చోట ఖర్చయిపోతోంది. టికెట్టు ఎందుకింత అని ఏటా సంక్రాంతికి గోల చేస్తాం, టీవీల్లో చర్చ పెడతాం. మన రూట్లలో ఎగిరే కంపెనీలు వేళ్ళమీద లెక్కపెట్టేంత తక్కువ ఎందుకయ్యాయో, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఎందుకు పోయారో అడిగేవాళ్ళు మాత్రం కనపడరు.

ముందు ఆ పదమూడు వేల సంగతి చూద్దాం.

నా స్క్రీన్ మీద ప్రతి ఫ్లైటూ ఒక వరస. వరసలో అడ్డంగా ఇంగ్లిషు అక్షరాలు, అక్షరం కింద ఒక అంకె. మీరెక్కే క్యాబిన్ ఒకటే, అన్ని సీట్లలోనూ కాళ్ళు పెట్టుకునే చోటు ఒకేలా ఇరుకు, కానీ మా లెక్కలో ఆ 180 సీట్లూ పదో పన్నెండో అక్షరాల కింద పంచి ఉంటాయి. బకెట్లు అంటాం వీటిని. ఒక్కో బకెట్‌కి ఒక ధర. అడుగున ఉన్న చవక బకెట్లో ఎనిమిది సీట్లనుకోండి, దానిపైదాంట్లో పది, ఆపైన ఇంకో పన్నెండు. చవకది అయిపోగానే ఆ అక్షరం మూతపడుతుంది, తర్వాత చూసినవాడికి పై ధర కనపడుతుంది. ఒక్కోసారి అయిపోకపోయినా మేమే మూసేస్తాం. భోగికి ముందు రెండు మూడు రోజుల ఫ్లైట్లకు కింది అక్షరాలు నాలుగైదు దసరా నాటికే మూసి ఉండేవి. అంటే ఆ చవక సీటు ఎవడో మీకన్నా ముందు కొట్టేశాడని మీరు అనుకుంటారు గానీ, అది అసలు అమ్మకానికే రాలేదు.

"ఈ ధరకు 3 సీట్లే మిగిలాయి" అని ఎర్ర అక్షరాల్లో కనపడుతుంది చూశారా, ఆ మూడూ ఆ బకెట్లో మిగిలినవి. విమానంలో అరవై ఖాళీ ఉండొచ్చు. అబద్ధం కాదు, అలాగని నిజమూ అనలేం.

ఈ లెక్కకు మూలం 1972లో బీఓఏసీ అనే బ్రిటిష్ ఎయిర్‌లైన్‌లో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ చెప్పిన సూత్రం. చాలా చిన్నది. ఇప్పుడు ఒకడు నాలుగు వేలకు అడుగుతున్నాడు. ఆగితే చివర్లో పది వేలిచ్చేవాడు వచ్చే అవకాశం సగానికి సగం ఉంది. పది వేలలో సగం ఐదు వేలు, చేతిలో ఉన్న నాలుగు వేలకన్నా ఎక్కువ, కాబట్టి ఇవ్వకు, ఆగు. అవకాశం మూడో వంతే అయితే ఇచ్చెయ్. అంతే. మిగతాదంతా ఈ లెక్కను రోజుకి లక్షసార్లు చేసే కంప్యూటరు.

రైతుబజారులో పొద్దున పది రూపాయల తోటకూర కట్ట సాయంత్రం వాడిపోయేసరికి ఐదుకు ఇస్తారు. విమానం సీటు కూడా తలుపు మూసిన నిమిషంలో వాడిపోయే సరుకే, కాబట్టి చివర్లో చవక కావాలి కదా అని అందరూ అనుకుంటారు. తోటకూర దగ్గరికి సాయంత్రం వచ్చేవాడు బేరమాడడానికి వస్తాడు. విమానం దగ్గరికి చివరి రోజు వచ్చేవాడు ఆసుపత్రి ఫోనో ఆఫీసు పిలుపో అందుకుని వస్తాడు. వాడు బేరమాడడు. ఈ పనిలో నాకు నచ్చనిది ఇదే. చావుకబురు విని బయల్దేరేవాడూ, కంపెనీ డబ్బుతో మీటింగుకెళ్ళేవాడూ మా స్క్రీన్ మీద ఒకేలా కనపడతారు.

మంగళవారం అర్ధరాత్రి బుక్ చేస్తే చవకంటారు, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టాలంటారు. మేం మిమ్మల్ని అంత శ్రద్ధగా చూడలేదండీ. చూసింది ఫ్లైటు ఎంత నిండింది, పోయినేడు ఈపాటికి ఎంత నిండింది, అవతలి కంపెనీ ధర ఎంత, ఈ మూడే.

ఇంకొక్క ముక్క చెప్పి పండగ సంగతి వదిలేస్తాను. జనవరి పన్నెండున హైదరాబాద్ నుంచి కిక్కిరిసి వెళ్ళిన విమానం అదే రోజు వైజాగ్ నుంచి సగం సీట్లతో తిరిగొస్తుంది. పండగ పూట వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చేదెవరు? పదహారు తర్వాత ఇదే తిరగబడుతుంది. పోయేటప్పటి టికెట్టే వచ్చేటప్పటి ఖాళీకి కూడా డబ్బు కట్టాలి. తెలంగాణ ఆర్టీసీ పండగ స్పెషల్ బస్సులకు ఒకటిన్నర రెట్లు తీసుకున్నప్పుడు చెప్పే కారణమూ ఇదే, తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తుందని. అయితే ఆర్టీసీకి ఒకటిన్నర దగ్గర గీత ఉంది. విమానానికి గీత గీసేది ఒకటే, పక్కన ఎగిరే ఇంకో కంపెనీ. అది లేకపోతే గీతా లేదు.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

విమానయానం బంగారు గుడ్లు పెట్టే బాతు అని బయట అందరి నమ్మకం. పదమూడు వేలు ఇంటూ నూట ఎనభై, అమ్మో, ఇరవై మూడు లక్షలు గంటలో! ప్రపంచంలోని ఎయిర్‌లైన్స్ అన్నిటికీ కలిపి ఐయాటా అనే సంఘం ఉంది. అది ఏటా లెక్క చెబుతుంది. కరోనా నుంచి కోలుకుని బాగానే సంపాదించిన 2024లో కూడా అన్ని ఖర్చులూ పోను ఒక ప్రయాణికుడి మీద ప్రపంచవ్యాప్తంగా మిగిలింది సగటున ఏడు డాలర్లు. మన డబ్బులో ఆరొందలు. ఎయిర్‌పోర్టులో ఒక ప్లేటు ఇడ్లీ, ఒక కాఫీ తాగితే అయిపోతుంది. ఆ ఇడ్లీ అమ్మినవాడికి మిగిలేది శాతాల్లో చూస్తే ఎయిర్‌లైన్ కంటే ఎక్కువే ఉంటుందని నా అనుమానం.

మరి డబ్బంతా ఎక్కడికి పోతోంది? ఇంధనం దగ్గర మొదలుపెడదాం. మన దేశంలో ఎయిర్‌లైన్ ఖర్చులో మూడో వంతు, ఒక్కోసారి 40 శాతం దాకా ఏటీఎఫ్‌దే, అంటే విమాన ఇంధనానిదే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిలుతో పాటు దీన్నీ బయటే ఉంచారు. అందుకని రాష్ట్రానికో వ్యాట్. కొన్నిచోట్ల 1 శాతం, తమిళనాడులో చాలా కాలం 29 శాతం. కాబట్టి చవకగా దొరికే ఊళ్ళో ట్యాంకులు ఎక్కువ నింపుకుని ఆ బరువు మోసుకుంటూ ఖరీదైన ఊరికి వెళ్ళొస్తారు. బరువు మోయడానికే ఇంకాస్త ఇంధనం కాలుతుంది, అయినా అదే లాభం. పక్క రాష్ట్రం బంకులో టాంకు నింపుకుని వచ్చే లారీ డ్రైవర్‌కి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత విమానం. మీరెక్కే విమానం మీద ఎవరి పేరు రాసి ఉన్నా, అది చాలాసార్లు ఐర్లండ్‌లోని ఏదో కంపెనీది. 1975లో టోనీ ర్యాన్ షానన్‌లో జీపీఏ అనే లీజు కంపెనీ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆ చిన్న దేశం విమానాల అద్దె వ్యాపారానికి రాజధానైంది. అద్దె డాలర్లలో. మనం టికెట్టు కొనేది రూపాయల్లో. రూపాయి పడిపోయిన ప్రతిసారీ ఒక్క విమానం కూడా ఎక్కువ ఎగరకుండానే అద్దె పెరుగుతుంది. ఇంజన్‌కి ఇంకో బిల్లు, తిరిగిన గంటల లెక్కన. ఎయిర్‌పోర్టుకి ఇంకోటి. ఇక్కడ ఒక తమాషా ఉంది. పెద్ద ఎయిర్‌పోర్టులు ఎంత ఛార్జీ తీసుకోవాలో ఎయిరా అనే సంస్థ నిర్ణయిస్తుంది, పెట్టిన పెట్టుబడి మీద ఇంత న్యాయమైన రాబడి రావాలని లెక్క కట్టి మరీ. మీ టికెట్టులో యూడీఎఫ్ (ఎయిర్‌పోర్టు వాడకానికి ఫీజు) అని ఉండేది ఇలా వచ్చిందే. ఎయిర్‌పోర్టుకి రాబడి లెక్క కట్టి ఇస్తారు. ఎయిర్‌లైన్‌కి ఎవరూ కట్టరు.

ఆయిల్ కంపెనీకి డబ్బు గడువులోపు కట్టాలి, లీజు ఇచ్చినవాడికి నెల తిరిగేసరికి కట్టాలి, ఎయిర్‌పోర్టు డిపాజిట్ తీసుకునే రానిస్తుంది. జీతాలిచ్చాక మిగిలితే యజమానికి. పెళ్ళిలో చివరి బంతిలో కూర్చున్నవాడి పరిస్థితి. పనంతా చేసింది వాడే, వాడి దగ్గరికొచ్చేసరికి గారెలు అయిపోతాయి.

ఇవన్నీ పెద్ద కంపెనీకీ ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ ఒకేలా లేవు.

ఎయిర్ కోస్టా గుర్తుందా? 2013 అక్టోబరులో మొదలైంది. హెడ్ ఆఫీసు విజయవాడ, వెనక ఉన్నది ఎల్ఈపీఎల్ గ్రూపు. ఎంబ్రేయర్ అనే బ్రెజిల్ కంపెనీ విమానాలు, మొదట 67 సీట్లవి, తర్వాత 112 సీట్లవి. వరసకి అటు రెండు ఇటు రెండు, అంటే మధ్య సీటే లేదు. విజయవాడ, వైజాగ్, తిరుపతి, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, జైపూర్ దాకా తిరిగేది. మన ఊళ్ళో ఎయిర్‌లైన్ ఏమిట్రా అని నవ్వినవాళ్ళే గన్నవరంలో దిగి ఫొటో తీసుకునేవాళ్ళు. 2017 ఫిబ్రవరి 28న ఆగిపోయింది, మళ్ళీ లేవలేదు. కారణం విమానాలు లీజుకిచ్చినవాళ్ళతో గొడవ. అంతకు ముందు 2016 ఆగస్టులోనూ అదే గొడవతో కొన్ని రోజులు ఆగి మళ్ళీ ఎగిరింది.

మొత్తం మీద దాని దగ్గర ఉన్నవి మూడు నాలుగు విమానాలు. ఇది అర్థం కావాలంటే మా పాత ఆఫీసులో ఒక ఉదయం సంగతి చెప్పాలి.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక విమానం ముక్కు చక్రం దగ్గర హైడ్రాలిక్ ఆయిల్ కారుతోందని ఇంజనీరు పక్కన పెట్టించేశాడు. ఆ విమానం ఆ రోజు ఆరు ఊళ్ళు తిరగాలి. ఒక విమానం రోజంతా ఒక దండలా ఉంటుంది, హైదరాబాద్ నుంచి తిరుపతి, తిరుపతి నుంచి బెంగళూరు, అక్కణ్ణుంచి ఇంకోటి, ప్రతి చోటా దిగి ఎగరడానికి అరగంట. మొదటి పూస తెగితే సాయంత్రం కొచ్చిలో ఉన్నవాడికి కూడా ఆలస్యమే. నేను నా ధరల పనిమీద ఆపరేషన్స్ గదిలో ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. అక్కడి డ్యూటీ మేనేజర్ పెద్దగా కంగారు కూడా పడలేదు. రెండు గంటల తర్వాత ఎగరాల్సిన ఇంకో విమానాన్ని దీని దండలోకి మార్చింది, దాని చోట మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉన్నదాన్ని పెట్టింది, ఒక చిన్న ఫ్లైటు క్యాన్సిల్ చేసి ఆ నలభై మందిని పక్క ఫ్లైట్లో సర్దింది. నలభై నిమిషాలు. ఆ తర్వాత టీ తాగింది.

అదే పని నాలుగు విమానాలున్న కంపెనీలో చేయండి. మార్చడానికి ఇంకో విమానం ఏది? ఒకటి ఆగితే పావు వంతు కంపెనీ ఆగినట్టు. అద్దె మాత్రం నాలుగింటికీ కట్టాలి. పైగా ఎయిర్ కోస్టా ఎగిరిన రోజుల్లో దేశంలో ఆ రకం జెట్లతో షెడ్యూల్డ్ సర్వీసు నడిపే కంపెనీ వేరే లేదు. ఒక స్పేర్ పార్ట్ కావాలంటే పక్క కంపెనీని అప్పడగడానికి కూడా లేదు. శిక్షణ ఉన్న పైలట్ మానేస్తే ఇంకొకణ్ణి పట్టడం కష్టం. ధర తగ్గిద్దామా అంటే అదే రూట్లో పెద్ద కంపెనీ ఇంకాస్త తగ్గించి ఆరు నెలలు నష్టం భరించగలదు, నువ్వు ఆరు వారాలు కూడా భరించలేవు.

ఇదేమీ మన దగ్గర కనిపెట్టిన విద్య కాదు. 1985లో అమెరికాలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక ఎయిర్‌లైన్ పెద్దవాళ్ళ కస్టమర్లను లాక్కుంటుంటే అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ బకెట్ల లెక్కనే బయటికి తీసింది. తన విమానంలో ఎలాగూ ఖాళీగా పోయే కొన్ని సీట్లను మాత్రం వాళ్ళకంటే చవకగా అమ్మింది, మిగతావి పాత ధరకే. పీపుల్ ఎక్స్‌ప్రెస్ దగ్గర ఆ లెక్క చేసే కంప్యూటర్ లేదు. 1987 నాటికి ఆ కంపెనీయే లేదు. నేను ఆరేళ్ళు కూర్చున్న కుర్చీ చరిత్ర ఇది.

పెద్దదానికి ఇంకో సుఖమూ ఉంది. ఇండిగో ఒక్క ఫ్లైటు కూడా ఎగరకముందే, 2005లో, 100 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డరిచ్చింది. అన్ని కొంటే హోల్‌సేల్ ధర. విమానం చేతికి రాగానే దాన్ని లీజు కంపెనీకి అమ్మేసి, వాళ్ళ దగ్గరే అద్దెకు తీసుకోవడం, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా జేబులో వేసుకోవడం, ఐదారేళ్ళకు పెద్ద రిపేర్లు రాకముందే తిరిగిచ్చేసి కొత్తది తెచ్చుకోవడం. తెలివైన పని, నాకు గౌరవమే. కానీ నాలుగు విమానాలు కొనేవాడికి ఏ తయారీదారూ ఆ ధర ఇవ్వడు. 2014లో సింగపూర్ ఎయిర్ షోలో ఎయిర్ కోస్టా 50 ఎంబ్రేయర్లకు ఆర్డర్ ప్రకటిస్తే అప్పుడు మా వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళకి వేరే దారి లేదనిపిస్తుంది. ఈ వ్యాపారంలో చిన్నగా ఉంటే చస్తారు, పెద్దగా అవ్వాలంటే అప్పు కావాలి, అప్పు కావాలంటే ముందే పెద్దగా కనపడాలి.

ఇంతకన్నా స్పష్టంగా కనపడేది గో ఫస్ట్ అనే ఎయిర్‌లైన్ కథలో. 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది, మర్నాటి నుంచి విమానాలు లేవు. ఉన్న 54 విమానాల్లో సగం దాకా ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు దొరక్క నేలమీదున్నాయని చెప్పింది. 2025 జనవరిలో లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసేయడానికి వెళ్ళిపోయింది. సరిగ్గా అదే రకం ఇంజన్ల సమస్యతో ఇండిగోవి కూడా ఒక దశలో 70కి పైగా విమానాలు ఆగిపోయాయి. అంటే గో ఫస్ట్‌కి మొత్తం ఉన్నవాటికంటే ఎక్కువ. కానీ ఇండిగో చేతిలో ఎగరడానికి ఇంకో మూడొందలు ఉన్నాయి. ఇద్దరికీ ఒకటే జ్వరం. ఒకడికి దుప్పటి కప్పుకుని పడుకునే స్తోమత ఉంది, ఇంకొకడు కూలికి వెళ్ళకపోతే పొయ్యి వెలగదు.

యాజమాన్యం బాగోలేక పోయాయి, నువ్వేమిటి కథలు చెబుతావు అనేవాళ్ళుంటారు. కొంత నిజమే. 2012 అక్టోబరులో ఆగిన కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్ 17న ఆగిన జెట్ ఎయిర్‌వేస్, రెండూ చిన్నవేమీ కావు, వాటిని ముంచిన నిర్ణయాలు ఎన్నో ఉన్నాయి. జీతాల్లేక ఇళ్ళ అద్దెలు కట్టలేకపోయిన క్రూవాళ్ళు నాకు తెలుసు, ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్ళ మీద నాకే జాలీ లేదు. కాకపోతే ఒక వ్యాపారంలో చెడ్డవాడూ మునిగి, ఓ మోస్తరువాడూ మునిగి, ఊరివాడూ మునిగితే, నీళ్ళు ఎంత లోతో కూడా చూడాలి కదా. మిగతా వ్యాపారాల్లో ఓ మోస్తరుగా నడిపినా బతకొచ్చు. నా ఎదురింటి కిరాణా కొట్టాయన లెక్కలు ఎప్పుడూ తప్పే, ముప్ఫై ఏళ్ళుగా కొట్టు తెరిచే ఉంది.

చిన్న ఊళ్ళకు విమానాలు నడపడం కోసం ప్రభుత్వం ఉడాన్ పథకం తెచ్చింది. అప్పటి విమానయాన మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. ఇప్పటి మంత్రి రామ్మోహన్ నాయుడిది శ్రీకాకుళం. ఉత్తరాంధ్రకీ ఆ శాఖకీ ఏదో ముడి ఉంది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి ఉడాన్ ఫ్లైటుకు ప్రధాని జెండా ఊపినప్పుడు దానితో పాటే కడప - హైదరాబాద్ కూడా మొదలైంది, నడిపింది హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్. గంట ప్రయాణానికి సగం సీట్లు రూ. 2,500 మించకూడదు, లోటు ప్రభుత్వం పూడుస్తుంది, కానీ మూడేళ్ళే. మూడేళ్ళలో రూటు తన కాళ్ళమీద తాను నిలబడాలి. 2023లో కాగ్ రిపోర్టు వచ్చింది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ నడిచినవి 112. సాయం ఆగిన తర్వాత కూడా నిలబడ్డవి 54. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది.

దీనికి పథకం పనికిరాదని తిట్టేవాళ్ళతో నేను కలవను. మూడేళ్ళ గడువే తప్పు. 70 సీట్ల ఏటీఆర్ అనే చిన్న విమానం కడపకు వెళ్తే ఎప్పటికీ లాభం రాకపోవచ్చు. రాకపోయినా పరవాలేదు, ఊళ్ళోకి వచ్చే ఆర్టీసీ పల్లెవెలుగుకి లాభం వస్తోందా? అమెరికాలో 1978లో విమానయానాన్ని మార్కెట్‌కి వదిలేసినప్పుడే చిన్న ఊళ్ళ సర్వీసులకు డబ్బిచ్చే పథకం ఒకటి పెట్టారు. పదేళ్ళ కోసమని మొదలుపెట్టింది ఇప్పటికీ నడుస్తోంది. మార్కెట్ దేశంలోనే అలా ఉంటే మనం మూడేళ్ళలో కడపను స్వయంపోషకం చేసేద్దామనుకోవడం ఆశ.

పైగా మన రాజకీయ నాయకుల దగ్గర హామీ ఎప్పుడూ ఎయిర్‌పోర్టు గురించే. ఓర్వకల్లులో కట్టారు, 2021లో తెరిచారు. వరంగల్ మామునూరుకు, శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం అడ్డొస్తే దాన్నీ దాటి 2025లో కేంద్రం ఒప్పుకుంది. కొత్తగూడెం అంటున్నారు, రామగుండం అంటున్నారు. రన్‌వే వేయడం కాంక్రీటు పని, డబ్బుంటే అయిపోతుంది. దానిమీద దిగేదెవరు? ఎగిరే పెద్ద కంపెనీలు రెండో మూడో మిగిలిన దేశంలో ఇరవై కొత్త ఎయిర్‌పోర్టులు కట్టడమంటే బస్సుల్లేని ఊళ్ళో ఇరవై బస్టాండ్లు కట్టడం.

బేగంపేటలో 1945లోనే డెక్కన్ ఎయిర్‌వేస్ ఉండేది, నిజాం ప్రభుత్వం వాటాతో, డకోటా విమానాలతో. 1953లో దాన్నీ ఇంకో ఏడు కంపెనీలనూ కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. ఆ తర్వాత నలభై ఏళ్ళు దేశం లోపల దాదాపు ఒక్కటే కంపెనీ. దాన్ని ఎన్ని తిట్టేవాళ్ళమో మా నాన్నని అడగండి. 1994లో చట్టం మార్చి మళ్ళీ తలుపులు తెరిచారు. బోలెడంతమంది వచ్చారు, బోలెడంతమంది పోయారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత చూస్తే దేశంలో ఎగిరే ప్రతి వందమందిలో అరవై మందికి పైగా ఒక్క ఇండిగోలోనే. మిగతాలో పెద్ద భాగం టాటా వాళ్ళ ఎయిర్ ఇండియా గ్రూపు. ప్రభుత్వం ఒక్కదాన్ని పెట్టిన చోటికి మార్కెట్ తన దారిలో తాను దాదాపు చేరుకుంది.

దాని ఖరీదు 2025 డిసెంబరు మొదటి వారంలో తెలిసింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి, వారానికి 36 గంటలు ఉన్నది 48 అయింది, రాత్రి ల్యాండింగులు తగ్గించారు. న్యాయమైన నిబంధనలు, చాలా ముందుగానే చెప్పినవి. ఇండిగో తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోలేదు. డిసెంబరు 5న ఒక్క రోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు క్యాన్సిల్. శంషాబాద్‌లో జనం బ్యాగుల మీదే పడుకున్నారు. చివరికి జరిగిందేమిటి? నిబంధనల్లో ఇండిగోకి తాత్కాలికంగా సడలింపు ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు? అరవై శాతం ఆగితే దేశం ఆగుతుంది. ఎయిర్ కోస్టా ఆగినప్పుడు ఎవరూ నిబంధన సడలించలేదు, పేపర్లో రెండు రోజులు వార్త వచ్చింది. చిన్నవాడు ప్రభుత్వానికి భయపడతాడు, పెద్దవాడి ఆలస్యానికి ప్రభుత్వం భయపడుతుంది.

ఆ వారంలోనే ధరలకు కూడా గీత గీశారు, 500 కిలోమీటర్ల లోపు రూ. 7,500, వెయ్యి లోపు 12,000, అలా. అప్పటి గందరగోళంలో అది సరైన పనే. దాన్నే ప్రతి సంక్రాంతికీ పెట్టాలని ఇప్పుడు కొందరు అడుగుతున్నారు, మా వాడితో సహా. పెట్టండి. పెడితే పండగకి అదనపు ఫ్లైటు వేయడానికి పెద్ద కంపెనీకి ఆసక్తి పోతుంది, ఆ నాలుగు రోజుల డబ్బుతో వానాకాలం నెట్టుకొచ్చే చిన్న కంపెనీకి ఊపిరి పోతుంది. నన్నడిగితే ఏటీఎఫ్‌ని జీఎస్టీలోకి తేవడం, చిన్న రూట్లకు మూడేళ్ళ బదులు పదేళ్ళ కాంట్రాక్టు ఇవ్వడం, రద్దీ ఎయిర్‌పోర్టుల్లో మంచి టైము స్లాట్లు కొన్ని కొత్తవాళ్ళకు ఉంచడం, వీటికోసం గొడవ చేయాలి. వీటితో ధర రేపే తగ్గదు. టీవీలో చర్చకూ పనికిరావు. స్లాట్ అనే మాట వినగానే యాంకర్ బ్రేక్ తీసుకుంటాడు.

ఇంత రాశాక మా వాడికి లింక్ పంపాను. చదివాడో లేదో తెలీదు. "అన్నయ్యా, ఇప్పుడు పదిహేను వేలు చూపిస్తోంది" అని మెసేజ్ పెట్టాడు. బకెట్ మారిందిరా అన్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో చూశాడట, స్లీపర్ వెయిటింగ్ లిస్టు 84. తత్కాల్ తెరిచే టైముకి నన్ను కూడా లాగిన్ అయి ఉండమన్నాడు.